బొమ్మకు ప్రాణప్రతిష్ఠ

(ఆత్మకూరునందు ఉపాధ్యాయులు, విద్యార్థులు, పురజనులు కూడిన సభలో గావింపబడిన యుపన్యాసము)



నేడు నేను ప్రస్తావింపబూనిన విషయము కొందఱికి పిల్లల యాటవలెను, మఱికొందఱికి దూరదేశపు యంత్రవిద్యవలెను దోచవచ్చును. కంప్యూటరునందు కల్పించిన బొమ్మకు నడక నేర్పి, దానిని గేమ్ ఇంజన్ అను సాధనములోనికి గొనిపోయి, ఆడువాని వ్రేలి కదలికకు వెంటనే బదులు చెప్పునట్లు చేయు విద్యను మన విద్యార్థులకు ఎట్లు బోధింపవలెననునదియే యా విషయము. ఈ విద్య మనకు బొత్తిగా పరాయిది కాదనియు, దానిని బోధించు విధానమునందలి యొక్క లోపమును దిద్దుకొన్నచో మన సీమ బిడ్డలు ఒరుల పనిలో తునకలు చేసి యిచ్చువారుగా మిగులక, స్వంత శిల్పమునకు యజమానులు కాగలరనియు నా మనవి.

యానిమేషన్ అను మాటకు మూలము లాటిన్ భాషయందలి 'ఆనిమా' అను పదము. ఊపిరి, ప్రాణము, ఆత్మ అని దాని యర్థము. ఆత్మశబ్దమును పేరుననే ధరించిన యీ పురమున ఆ విద్యనుగూర్చి ముచ్చటించుట యసందర్భము కాదు. నిర్జీవమైన దానికి ప్రాణము పోయుటయే యీ శిల్పముయొక్క పని. విగ్రహమును చెక్కుట యొక పని, దానిని ప్రతిష్ఠించుట వేఱొక పని అని మన పెద్దలు విడదీసి చెప్పిరి. శిల్పి ఉలిని క్రిందబెట్టినంతమాత్రమున విగ్రహము దేవత కాదు. ఈ భేదమును మనస్సునందుంచుకొనుడు. నేను చెప్పదలచినదంతయు దీనిచుట్టునే తిరుగును.

ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంట గ్రామమును మీలో పలువురు ఎఱిగియుందురు. 2022 వఱకు అనంతపురము జిల్లాలోనుండి, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనున్న యా గ్రామము తోలుబొమ్మల శిల్పులకు నెలవు. వారిలో నొకరైన దళవాయి చలపతిరావుగారికి 2020లో భారత ప్రభుత్వము పద్మశ్రీ పురస్కారము నొసగినది. ఆ బొమ్మను దగ్గఱనుండి చూచినవారికి ఒక సంగతి తేటపడును. మేకతోలును వెలుతురు పాఱునంత పలుచగా సిద్ధపఱచి, తల, మొండెము, భుజము, ముంజేయి, తొడ, పిక్క మున్నగు అంగములను వేఱువేఱుగా కోసి, రంధ్రములు పొడిచి, రంగులు వేసి, కీళ్లకడ దారపు ముడులతో కూర్తురు. నడుమ నొక వెదురుబద్ద నిలువుగా నుండును. చేతులకు వేఱుగా పుల్లలుండును. ముడి బిగిసినచో మోచేయి మడువదు. వదులైనచో చేయి వ్రేలాడును. ఆ ముడి సరియైనదో కాదో తెలియుట యెప్పుడు? బొమ్మ నేలపై పఱచియుండగా కాదు. దీపము వెలిగించి, తెరకానించి, ఆడించువాని చేతికిచ్చినప్పుడే.

తోలుబొమ్మలాటయందు మఱియొక విశేషము కలదు. రామాయణ భారత కథలు సాగుచుండగా నడుమ కేతిగాడును బంగారక్కయు తెరపైకి వత్తురు. వారి సంభాషణము సభనుబట్టి మాఱుచుండును. జనులు నవ్వినచో హాస్యము పెరుగును. విసిగినచో కథ ముందుకు నడచును. ఆడించువాడు ఏ క్షణమున ఏమి చేయించునో బొమ్మను చేసినవానికి ముందుగా తెలియదు. కావున ఏ కదలికకైనను లొంగునట్లు బొమ్మ సిద్ధమై యుండవలెను. గేము బొమ్మకును సరిగా నిదియే ధర్మము.

చలనచిత్రమునకును గేమునకును గల భేద మిచ్చటనే యున్నది. 2012లో వెలువడిన 'ఈగ' చిత్రమును మీరందఱు చూచియుందురు. అందలి దృశ్యకల్పనకు మకుట సంస్థ జాతీయ పురస్కార మందినది. ఎంత గొప్ప పనియైనను, ఆ యీగ మనము నూఱుసార్లు చూచినను అదే దారిని పోవును, అదే క్షణమున రెక్క విదల్చును. హైదరాబాదునందు 2001లో స్థాపితమైన గ్రీన్‌గోల్డ్ సంస్థవారి ఛోటా భీమ్ 2008లో టెలివిజనుపైకి వచ్చినది. ఆ బాలుడును దర్శకుడు గీచిన గీటు దాటడు. కెమెరాకు కనబడని వైపున వాని చేయి వంకరగానున్నను చిక్కులేదు, ఎవ్వరును చూడరు. గేమునందు అట్లు కాదు. ఆడు బాలిక బొమ్మను వెనుకకు త్రిప్పును, గోడకు గుద్దించును, పరుగున నున్నదానిని ఒక్కసారిగా నిలుపును, గాలిలోనుండగా మఱల ఎగురుమనును. ఆ యాజ్ఞలకన్నిటికిని బొమ్మ తడబడక బదులు చెప్పవలెను. చేసినవాడు అప్పుడు ప్రక్కన నుండడు. సంజాయిషీ చెప్పుకొనుటకు అవకాశము లేదు.

కంప్యూటరు బొమ్మ యెట్లు తయారగునో క్లుప్తముగా చెప్పెదను. మొదట చిన్న చిన్న పలకలను చేర్చి వలవలె అల్లిన శరీరమును నిర్మింతురు. దీనిని మెష్ అందురు. ఇది మన తోలు. దానిలోపల ఎముకల గూడు నమర్తురు. దీనిని రిగ్ అందురు. ఇది మన వెదురుబద్దయు, పుల్లలును. ఏ యెముక కదలినప్పుడు శరీరమున ఏ భాగము ఎంతపాలు కదలవలెనో పంచిపెట్టుదురు. దీనిని స్కిన్నింగ్ అందురు. ఇది మన ముడి. మోచేతికడనున్న యొక బిందువు పైయెముకకు సగము, క్రిందియెముకకు సగము లోబడియుండవచ్చును. పాళ్లన్నియు కలిసి ఒకటి కావలెను. తరువాత కాలక్రమమున ముఖ్యమైన భంగిమలను మనము నిలుపగా, నడిమి భంగిమలను కంప్యూటరు నింపును. ఇది మన యాట.

ఈ పనులన్నియు బ్లెండరు, మాయా మొదలగు సాధనములలో జరుగును. గేము నడచునది వేఱొక చోట: యూనిటీ, అన్‌రియల్, గోడో మున్నగు ఇంజనులలో. పుట్టినింటినుండి మెట్టినింటికి పోవునట్లు బొమ్మ యొకదానినుండి మఱియొకదానిలోనికి పోవలెను. ఆ ప్రయాణమునకు ఎఫ్‌బీఎక్స్, జీఎల్‌టీఎఫ్ అను రెండు విధములైన మూటలు వాడుకలో నున్నవి. శరీరము, ఎముకలు, పాళ్లు, కదలికలు, రంగులు అన్నియు ఆ మూటలో కట్టుకొని పోవలెను. మూట విప్పినప్పుడు ఏది తగ్గినను బొమ్మ కుంటిదగును.

ఆ ప్రయాణమున ఎన్ని యాపదలు కలవో వినుడు. మొదటిది కొలత. బ్లెండరు, యూనిటీ, గోడో ఒక ప్రమాణమును ఒక మీటరుగా నెంచును. అన్‌రియల్ దానినే ఒక సెంటీమీటరుగా నెంచును. ఈ లెక్క కుదురనిచో మనిషి నూఱంతలు చిన్నదై చీమవలె నేలపై కనబడును, లేదా నూఱంతలు పెరిగి గుట్టవలె నిలుచును. రెండవది దిక్కు. బ్లెండరునకును అన్‌రియలునకును ఊర్ధ్వదిక్కు జెడ్ అను అక్షము. యూనిటీకిని గోడోకును వై అను అక్షము. ఈ సంగతి మఱచినవాని బొమ్మ నిలువవలసినచోట పడుకొని ప్రత్యక్షమగును. మూడవది కట్టుబాట్లు. పాదము నేలనంటియుండుటకు ఐకే అను సదుపాయమును పుట్టినింట పెట్టుకొందుము. అది మూటలో రాదు. దానివలన కలిగిన కదలికను ప్రతి ఫ్రేమునందును ఎముకలపై ముద్రించి పంపవలెను. దీనికే బేకింగ్ అని పేరు. నాలుగవది వర్ణము. బ్లెండరులో సూత్రములచేత కల్పించిన రంగులు గడప దాటవు. వానిని చిత్రముగా మార్చి జతపఱుపవలెను. ఐదవది పాళ్లు. బ్లెండరులో ఒక బిందువును అనేకములగు ఎముకలకు పంచవచ్చును. ఇంజనులు సాధారణముగా నాలుగింటినే లెక్కించును. మిగిలినవి రాలిపోగా భుజమున లేని ముడుత పుట్టును.

ఇవి యేవియు మహావిద్యలు కావు. ఒక్కొక్కటి గంటసేపట నేర్వదగినది. కాని వీనిని ఎప్పుడు నేర్పుచున్నామనునదియే ప్రశ్న. పలుచోట్ల పాఠక్రమ మిట్లుండును: కొన్ని నెలలు శరీరనిర్మాణము, కొన్ని నెలలు ఎముకలు, కొన్ని నెలలు కదలికలు, చివరి వారములలో ఇంజను. విద్యార్థి పాపము, మాసములతరబడి కండ్లు కాయలు కాయునట్లు బొమ్మను తీర్చును. కనుబొమల వెండ్రుకలుకూడ దిద్దును. చివరి వారమున ఇంజనులోనికి పంపగా ఆ బొమ్మ విఱిగి, మెలితిరిగి, పడుకొని కనబడును. దిద్దుటకు కాలము చాలదు. ఏలయన, దోషము మొదటి మాసమునందలి పునాదిలో నున్నది. అప్పుడేమగును? సిద్ధముగానున్న పరదేశపు బొమ్మ నొకదానిని దింపుకొని, సిద్ధముగానున్న నడకను దానికి తగిలించి, పరీక్ష ముగింతురు. యోగ్యతాపత్రము చేతికి వచ్చును. విద్య మాత్రము రాదు.

ఆ యువకుడు ఆ పత్రమును పట్టుకొని హైదరాబాదునకో బెంగుళూరునకో పోవును. అచ్చట వానికి పనిలో నొక తునక దొరకును: ఒరులు చేసిన బొమ్మకు ఒరులు చెప్పిన ఎముకలను తొడుగుట, ఒరుల చిత్రమున గడ్డిపఱక కదలించుట. కూలి దొరకును గనుక నేను దానిని నిందింపను. కాని మొదటినుండి తుదివఱకు ఒక్క బొమ్మనైనను తానే నడిపింపనివాడు, పదేండ్లు పనిచేసినను తన యూరి కథను తాను చెప్పలేడు. తోలుబొమ్మల కళాకారుడు తోలు కోయును, ముడి వేయును, తెరవెనుక నిలిచి పాడుచు ఆడించును. అతనికి విద్య సమగ్రముగా నున్నది. మన పిల్లలకు దానిని మూడు ముక్కలుగా చేసి, చివరిముక్కను చేతికందకుండ చేయుచున్నాము.

కావున నా ప్రతిపాద్యము ఒక్కటే: చివరి పాఠమును మొదటి పాఠముగా చేయవలెను. మొదటి దినముననే విద్యార్థి ఒక పెట్టెవంటి కఱ్ఱతునకను చేసి, దానిలో రెండెముకలు పెట్టి, వంచి, మూటగట్టి, ఇంజనులోనికి పంపి, మీట నొక్కగా వంగునట్లు చూడవలెను. ఆ బొమ్మ వికారముగా నుండవచ్చును, ఉండనిండు. దారి తెలిసినది. రెండవ వారమున దానికి కాళ్లు, మూడవ వారమున చేతులు. ప్రతి వారమును మూట గట్టవలెను, విప్పవలెను. దోషము పుట్టిన వారముననే పట్టుబడును. పట్టుబడిన దోషమే గురువగును.

ఉదాహరణమునకు మన యూరి చేలలోనిదే యొక బొమ్మను తీసికొందము. జొన్న కంకి పాలుపోసికొన్న దినములలో మంచెపై నిలిచి, వడిసెల త్రిప్పి, పిట్టలను తోలు పిల్లవానిని పెద్దలందఱు ఎఱుగుదురు. ఆ పిల్లవానితో నొక చిన్న గేము చేయవచ్చును: చిలుకలు దిగును, ఆడువాడు మీట నొక్కును, రాయి పోవును, చిలుకలు లేచును. వినుటకు సులభముగా నున్నది. దీనిలో ఆ విద్యయంతయు దాగియున్నది.

మొదట ఆ పని యెట్లు జరుగునో చూడవలెను. వడిసెల త్రిప్పుట తెలిసిన రైతు నొకనిని పిలిచి, రెండు మూడుమార్లు త్రిప్పుమని వేడి, ఫోనుతో చిత్రము దీసికొని, ఫ్రేము ఫ్రేముగా పరిశీలింపవలెను. పిమ్మట విద్యార్థి తానే ఖాళీ వడిసెల త్రిప్పి చూడవలెను. బరువు ఏ పాదముపై నున్నది? నడుము ముందు తిరుగునా, భుజము ముందు తిరుగునా? రాయి పోయిన పిమ్మట చేయి వెంటనే ఆగునా, ఇంకను కొంతదూరము సాగునా? ఈ ప్రశ్నలకు దేహముతో బదులు తెలిసికొననివాడు మౌసుతో బదులు చెప్పలేడు.

తరువాత వడిసెల. దానిని చేతి యెముకకు బిడ్డయెముకగా తగిలింపవలెను. లేనిచో చేయి తిరుగుచుండ వడిసెల గాలిలో నిలిచియుండును. దాని త్రాటిని బ్లెండరులో బట్టవలె వ్రేలాడునట్లు లెక్కగట్టించినచో అందముగా నుండును గాని, ఆ లెక్క మూటలో రాదు. నాలుగైదు చిన్న యెముకలను గొలుసుగా కూర్చి త్రాటిని నడిపింపవలెను. రాయి వేఱు వస్తువు. అది ఏ ఫ్రేమునందు చేతినుండి వెడలవలెనో ఇంజనునకు గుర్తు పెట్టి చెప్పవలెను. సెకండునకు 24 ఫ్రేముల లెక్కన నాలుగు ఫ్రేములు ముందైనచో సెకండులో ఆఱవవంతు తప్పు. అంత స్వల్పమునుకూడ కన్ను పట్టును. రాయిని పిల్లవాడు విసరలేదు, అదియే పోయినదనిపించును.

ఇక నడక. పిల్లవాడు మంచె దిగి గట్టువెంట నడచుననుకొందము. ఒక్కొక్క అడుగు 60 సెంటీమీటర్లు, సెకండునకు రెండడుగులైనచో ఆ నడకకు తగిన వేగము సెకండునకు 1.2 మీటర్లు. ఇంజనులో వేగమును 2 మీటర్లుగా పెట్టినచో ప్రతి సెకండునను 80 సెంటీమీటర్లు పాదము నేలపై జాఱును. బురదలో నడచునట్లు కనబడును. విద్యార్థి దీనిని చూచి 'ఏదో బాగులేదు' అని యూరకుండరాదు. కొలిచి, గుణించి, ఎచ్చట తప్పెనో చెప్పగలుగవలెను. గణితమాస్టరుగారికి ఈ తరగతిలో పని యున్నదని దీనివలన తెలియుచున్నది.

చివరగా అవస్థలు. నిలుచుట, నడచుట, త్రిప్పుట, విసరుట అని నాలుగు కదలికలున్నవి. ఏ కదలికనుండి దేనిలోనికి పోవచ్చును? ఎంతసేపటిలో కలిసిపోవలెను? త్రిప్పుచుండగా ఆడువాడు నడువుమన్నచో ఏమి చేయవలెను? దీనిని ఇంజనులో పెట్టుటకు ముందు నల్లబల్లపై సున్నలు గీచి, బాణములు గీచి, తరగతియంతయు చర్చింపవలెను. ఈ పటమును ఆంగ్లమున స్టేట్ మెషీన్ అందురు. సుద్దముక్కతో గీయగలిగినది కంప్యూటరులోను చేయగలరు; గీయలేనివారు అచ్చట తికమకపడుదురు.

ఇప్పుడు ముఖ్యమైన పద్ధతి చెప్పెదను. దీనికి పరహస్త పరీక్ష యని పేరు పెట్టెదను. ప్రతి విద్యార్థియు తాను చేసిన బొమ్మ మూటను వేఱొక విద్యార్థి చేతికియ్యవలెను. ఆ రెండవవాడు చేసినవానిని ఒక్క మాటయైన అడుగకుండ దానిని ఇంజనులో నిలిపి నడిపింపవలెను. అడుగవలసి వచ్చిన ప్రతి ప్రశ్నయు వ్రాసికొనవలెను. 'ఈ యెముక ఎడమదా, కుడిదా?' అని అడిగినచో పేర్లు సరిగా పెట్టలేదు. 'వీడు ఇంత పొట్టిగా నున్నాడేల?' అని అడిగినచో కొలత సరిపోలేదు. 'విసరుట ఏ ఫ్రేమునుండి ఏ ఫ్రేమువఱకు?' అని అడిగినచో కదలికలను విడదీసి పేర్లు వ్రాయలేదు. మార్కులు బొమ్మ యందమునకు కొన్ని, ఒరునిచేతిలో అది నడచినదానికి కొన్ని ఇయ్యవలెను. రెండవవి తక్కువ కారాదు.

ఇందువలన విద్యయే గాక గుణముకూడ పెంపొందును. తాను లేనిచోట తన పని యెట్లుండునో తలచు నలవాటు శిల్పమునకు మూలము. వడ్రంగి చేసిన నాగలిని రైతు దున్నును. సాలె నేసిన చీరను ఒరులు కట్టుకొందురు. చేతిపనిని పుస్తకవిద్యనుండి విడదీయరాదను సంకల్పముతో కోపల్లె హనుమంతరావుగారు మున్నగు మహనీయులు 1910లో బందరునందు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. అచ్చట మగ్గమునకును చిత్రలేఖనమునకును చోటు గలిగినది. నేటి మగ్గము కంప్యూటరైనంతమాత్రమున ఆ సంకల్పము పాతపడలేదు.

మీలో కొందఱు శంకింపవచ్చును: గేములవలన పిల్లలు చెడుచున్నారని వినుచున్నాము, వానిని చేయుట నేర్పుమందురా? ఈ యాందోళనము నిరాధారము కాదు. పందెపు గేములలో ధనము పోగొట్టుకొన్న కుటుంబము లున్నవి. కనుకనే పార్లమెంటు 2025లో ఆన్‌లైన్ ధనపు గేములను నిషేధించుచు శాసనము చేసినది. కాని పేకాట చెడ్డదని చదరంగమును మానము గదా. గేము లోపల ఏమున్నదో విప్పి చూచిన పిల్లవానికి దాని మోహము కొంత సడలును. కాలు జాఱుటకు కారణమేమో వెదకుచు గెలుపోటములను మఱచును. ఆడుట కాలమును తినును. చేయుట కాలమునకు విలువ నిచ్చును.

మఱియొక శంక: ఇప్పుడు బొమ్మకు ఎముకలు తొడుగుటను యంత్రమే చేయుచున్నదట, నడకలు రాశులుగా ఊరక దొరకుచున్నవట, ఇంత శ్రమ యేల? నిజమే. అడోబీ సంస్థకు చెందిన మిక్సమో వంటి చోట బొమ్మను పెట్టినచో కొద్ది నిమిషములలో ఎముకలు వచ్చును. కృత్రిమమేధ ఇంకను త్వరగా చేయవచ్చును. వాడుకొనుడు, నేను వలదనను. కాని ఆ నడకలలో మంచెయెక్కు పిల్లవాని నడక యున్నదా? నెత్తిన గడ్డిమోపు పెట్టుకొని గట్టుమీద వచ్చు తల్లి మెడబిగువు ఉన్నదా? పంచె ఎగగట్టిన కాపు కూర్చుండు తీరు ఉన్నదా? యంత్రమిచ్చిన దానిలో తప్పును కనిపెట్టవలెనన్నను ఒప్పును ఎఱిగినవాడే కావలెను. ఒక్క బొమ్మనైనను మొదటినుండి చేసినవాడు యంత్రమును ఏలును; చేయనివానిని యంత్రము ఏలును.

సాధనముల విషయమునను ఒక మాట. యూనిటీ సంస్థవారు 2023 సెప్టెంబరులో, గేమును ఇన్‌స్టాల్ చేసికొన్న లెక్కనుబట్టి చేసినవారు రుసుము చెల్లింపవలెనని ప్రకటించిరి. ప్రపంచమంతట చిన్న నిర్మాతలు గగ్గోలు పెట్టిరి. మరుసటి యేట సెప్టెంబరులో ఆ రుసుమును రద్దు చేసిరి. రద్దైనది గదా యని మఱచిపోరాదు. ఒక్క సంస్థ మీటలను మాత్రమే కంఠస్థము చేసినవాని బ్రదుకు ఆ సంస్థ ప్రకటనపై ఆధారపడియుండును. కొలత, దిక్కు, పాలు, అవస్థ అను మూలములను నేర్చినవాడు ఇంజను మార్చినను నిలుచును. కావున బోధన మీటలనుగూర్చి కాక మూలములనుగూర్చి జరుగవలెను.

సొమ్ము లేదను భయము వలదు. బ్లెండరు 2002 నుండి స్వేచ్ఛాసాధనము. నాడు దానిని ప్రజల సొత్తు చేయుటకు లక్ష యూరోలు కావలసిరాగా లోకమందలి యభిమానులు ఏడు వారములలో చందాలు పోగుచేసిరి. గోడో అను ఇంజనును అర్జెంటీనా దేశస్థులిద్దఱు ఆరంభింపగా 2014లో అందఱికిని ఉచితముగా విడుదల చేయబడినది. మూలసూత్రములతోసహా ఎవరైన దింపుకొనవచ్చును. ఇరువది లక్షల జనమైనను లేని లాత్వియా దేశమునుండి వచ్చిన 'ఫ్లో' అను చిత్రమును బ్లెండరులోనే నిర్మించిరి. అందు మాటలు లేవు, ఒక పిల్లియు దాని తోడి జంతువులును మాత్రమే. అది 2025లో ఆస్కారు గెలిచినది. చిన్నదేశము, ఉచితసాధనము, స్వంతచూపు: ఇంతే దాని మూలధనము. మన దేశముననే పుణె నగరపు నాడింగ్ హెడ్స్ సంస్థవారు 2020లో 'రాజీ' అను గేమును వెలువరించిరి; అందు కథాభాగములను నీడబొమ్మల తీరున చూపిరి. నిమ్మలకుంటకు దగ్గఱగానున్న మనము ఆ వెలుతురును ఇంకను వాడుకొననేలేదు.

ప్రభుత్వముకూడ ఈ విద్యను గమనించినది. 2022 బడ్జెటులో యానిమేషన్, గేమింగు రంగములకై కార్యదళమును ప్రకటించినది. 2024 సెప్టెంబరులో ముంబయినందు జాతీయ కేంద్రమును నెలకొల్పుటకు కేంద్ర మంత్రివర్గము సమ్మతించినది. మంచిదే. కాని ముంబయి కేంద్రము ఆత్మకూరు పిల్లవానికి వడిసెల త్రిప్పుట నేర్పదు. అది మనమే నేర్పవలెను.

మన పరిసరములనుగూర్చి ఒక హెచ్చరిక. నల్లమల మన ముంగిట నున్నది. చెంచువారి గూడెములు మనకు చేరువలో నున్నవి. విల్లు చేతబట్టిన చెంచు బొమ్మ చేయవలెనని విద్యార్థులు ఉబలాటపడుట సహజము. కాని వారిని వింతవేషముగా చూపుట తగదు. వారి యనుమతి నడిగి, వారిచేతనే చూపించుకొని, చేసినదానిని మొదట వారికే చూపి, 'ఇది మాది కాదు' అన్నచో దిద్దవలెను. పరహస్త పరీక్షలో ఇదియు నొక భాగమే. ఎవరి బొమ్మయో వారి కన్నులముందు నిలువవలెను గదా.

ఉపాధ్యాయులారా! ఒక్క వేసవి సెలవులలో దీనిని పరీక్షించి చూడుడు. పన్నిద్దఱు విద్యార్థులు, నాలుగు కంప్యూటర్లు చాలును. ముగ్గురికొక కంప్యూటరు: ఒకడు చేయును, ఒకడు చూచును, ఒకడు వ్రాసికొనును, గంటగంటకు స్థానములు మార్చుకొందురు. కరెంటు పోయిన వేళ నల్లబల్లపై అవస్థాపటము గీయుడు. ఆవరణములో నడచి చూపుడు. మొదటి దినము మూట, చివరి దినము మూట, నడుమ ప్రతి వారమును మూట. పరీక్ష మాత్రము పరహస్తముననే జరుపుడు.

పఠనమందిరపు పెద్దలారా! ఒక గదియు, సాయంకాలము రెండు గంటలును ఇప్పింపుడు. వారాంతమున పిల్లలు చేసిన బొమ్మలను గోడపై వెలుగించి ఊరివారి చేతికి మీట ఇయ్యుడు. పొలమునుండి వచ్చిన రైతు ఆ పిల్లవాని వడిసెల త్రిప్పుటను చూచి 'ఇట్లు కాదురా, మణికట్టు ఇట్లు తిరుగును' అని లేచి చూపినచో, ఆ దినమున మీ యూరిలో ఆ విద్యకు వేరు దిగినట్లు. ఆ రైతు మాటను విద్యార్థి వ్రాసికొని, దిద్ది, మఱుసటి వారము మఱల వాని చేతికే ఇయ్యవలెను.

విద్యార్థులారా! మీ బొమ్మ మీ తెరపై చక్కగా నున్నదని తృప్తిపడకుడు. దానిని మూటగట్టి పొరుగువాని చేతిలో పెట్టుడు. అచ్చట నడచినచో దానికి ప్రాణము వచ్చినదని నమ్ముడు. పడిపోయినచో చింతింపక విప్పి, వెదకి, మఱల కట్టుడు. మీరు రేపు హైదరాబాదు పోయినను, మఱియే దేశము పోయినను, ఒరులు చెప్పిన తునకను చేయుచునే యది యే శరీరములో ఎట్లమరునో తెలిసి చేయుదురు. తెలిసి చేయువాడు కొన్నాళ్లకు తన శరీరమును తానే నిర్మించుకొనును. ఆ దినమున జొన్నచేని మంచెపై మీ పిల్లవాడు నిలిచి వడిసెల త్రిప్పగా, ఏ దూరదేశపు బాలికయో మీట నొక్కి చిలుకలను లేపును. ఆమెకు మన యూరిపేరు తెలియకపోవచ్చును. మన నడక మాత్రము తెలియును.